ముందు గ్రెయిన్ చూడరా నాయనా

మా రోజుల్లో డార్క్ రూమ్‌లో చేరిన కుర్రాడికి మొదట నేర్పేది ఫోకస్. ఎర్రబల్బు వెలుతుర్లో ఎన్లార్జర్ లెన్సు పూర్తిగా తెరిచి, కింద ఫోకస్ అద్దం పెట్టి చూడమనేవాళ్ళం. "పెళ్ళికూతురి కళ్ళు బాగా కనబడుతున్నాయండీ" అనేవాడు. "కళ్ళతో నీకేం పని? గ్రెయిన్ చూడు" అనేవాళ్ళం. కళ్ళు ఫొటో తీసినవాడి పూచీ, ఆయన చెయ్యి వణికితే మసకగానే ఉంటాయి. ఫిల్ము మీది వెండి రేణువులు విడివిడిగా తేలాయా లేదా అన్నది మా పూచీ. తేలాక లెన్సును ఎఫ్8కి మూసి, అప్పుడు కాగితం పెట్టేవాళ్ళం.

ఇప్పుడో? నెగటివును ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో పడేసి, 6400 డీపీఐ నొక్కి, కాఫీకి పోతారు. 35 ఎంఎం ఫ్రేము ఒక్కదానికి ఐదున్నర కోట్ల పిక్సెళ్ళు! తీరా చూస్తే పెళ్ళికొడుకు మీసం అలుక్కుపోయి ఉంటుంది. "తాతయ్యా, నీ కెమెరా బాలేదు" అని తీర్పొకటి. పెట్టె మీద అచ్చేసిన అంకె వేరు, లెన్సు పట్టగలిగేది వేరు అని ఎవరు చెప్పాలి?

ఆ స్కానర్లలో చాలావాటికి ఫోకస్ కదలదు. గాజుకు కాస్త పైన ఒక ఎత్తు ఖాయం చేసి పంపుతారు. ఫిల్ము అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా మసకే. వంకర తిరిగిన ఫిల్మయితే అంచులు తేటగా, నడుమ మబ్బుగా వస్తుంది. మాకు మాత్రం వంకర లేదా? దీపం వేడికి నెగటివు ఉబ్బేది. ఉబ్బడం అయ్యేదాకా ఆగి ఫోకస్ చేసేవాళ్ళం, లేదా రెండు గాజుల మధ్య బిగించేవాళ్ళం. నున్నటి వైపు గాజుకు అంటుకుంటే న్యూటన్ వలయాలు పడతాయని అటు గరుకు గాజు వాడేవాళ్ళం.

వీళ్ళ మందు ఒకటే, షార్ప్‌నెస్ మీట పైకి తొయ్యడం. ఉడకని పప్పుకు పోపు పెట్టినట్టు! గీతల చుట్టూ తెల్లంచు వస్తుంది గానీ, పోయిన వివరం రాదు. పైగా ఆ అన్‌షార్ప్ మాస్క్ కూడా డార్క్ రూమ్ విద్యే. నెగటివు నుంచి కాస్త మసక పాజిటివు తీసి, రెండూ జతచేసి ప్రింటు వేసేవారు. అదైనా ఫోకస్ కుదిరాకే.

హోల్డరు కింద కాగితం ముక్కలు ఒక్కొక్కటే పెంచుతూ అదే ఫ్రేము మళ్ళీ మళ్ళీ స్కాన్ చెయ్యి. గ్రెయిన్ ఎక్కడ బాగా తేలితే అదీ నీ స్కానర్ ఎత్తు. అంత ఓపిక లేదంటావా, నా కెమెరాను మాత్రం ఏమీ అనకు.