ఉమ్మిలో వంశం

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అని వెనకటికెవరైనా అంటే నవ్వి ఊరుకునేవాళ్లు. ఇప్పుడా మూతి వాసన చూడ్డానికి అమెరికాలో ల్యాబులే వెలిశాయి. ప్లాస్టిక్ గొట్టంలో గీత దాకా ఉమ్మి, మూత బిగించి పోస్టులో పడేస్తే చాలు, కొన్ని వారాల్లో మీ పూర్వీకులు శాతాలుగా విడిపోయి ఫోన్లోకి వచ్చేస్తారు. ఉమ్మడానికి అరగంట ముందు మాత్రం ఏమీ తినకూడదు, తాగకూడదు. పితృకార్యం కదా, ఆమాత్రం నిష్ఠ ఉండాలి.

డాలస్‌లో స్థిరపడ్డ మన గుంటూరు అబ్బాయి పండగ డిస్కౌంటులో కిట్ కొంటాడు. రిపోర్టు వస్తుంది: మీరు దక్షిణ భారతీయులు. ఇదే సంగతి వాళ్లమ్మనడిగితే ఇంటిపేరు, గోత్రం, మేనమామల ఊరు, ఆ ఊళ్లో ఎవరితో ఎందుకు మాటల్లేవో కూడా కలిపి చెప్పేది. అయితే ఆవిడ చెప్పేదాంట్లో దశాంశ స్థానాలుండవు. చివర్లో ఒకటిన్నర శాతం మధ్య ఆసియా అని కనిపిస్తే ఇక చూడాలి అబ్బాయి సంబరం. ఆ రాత్రే గుర్రమెక్కి, తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపులన్నీ జయించి వస్తాడు.

ఇంతకీ ల్యాబు చేసేదేమిటి? వాళ్ల దగ్గర మీ ముత్తాత ఎముక లేదు, గోరు లేదు. మీ డీఎన్ఏలో ఆరేడు లక్షల చోట్ల అక్షరాలు చదివి, ఇవాళ బతికున్న కొందరి డీఎన్ఏతో పోల్చి చూస్తారు. ఆ కొందరు మారితే మీ తాతలు మారతారు. 2019లో కెనడా ప్రసార సంస్థ సీబీసీ అచ్చుగుద్దినట్టుండే కవలల చేత ఐదు కంపెనీలకు పరీక్ష చేయించింది. కంపెనీ కంపెనీకీ పూర్వీకులు మారడం సరే, ఒకే కంపెనీ అక్కకో లెక్క, చెల్లికో లెక్క ఇచ్చింది.

మనవాళ్ల సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. 2015లో పూర్తయిన థౌజండ్ జీనోమ్స్ ప్రాజెక్టు నమూనాలను పరిశోధకులు ప్రపంచమంతా వాడతారు. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు, సుమారు వందమంది. వాళ్ల రక్తం తీసుకున్నది మాత్రం యూకేలో! కాకినాడలోనో కరీంనగర్‌లోనో ఉన్నవాడు తెలుగువాడో కాదో బ్రిటన్‌లో ఉన్న వందమందితో పోల్చి తేల్చుకోవాలి. వీసా ఆఫీసు చేసే పనిని ఇప్పుడు సైన్సు కూడా అందుకుంది.

వంశాన్ని పొగడడం మనకు కొత్తేం కాదు. అల్లసాని పెద్దన మనుచరిత్ర అవతారికలో కృష్ణదేవరాయల వంశాన్ని చంద్రుడి దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. కానీ ఏడాది తిరిగేసరికి "ప్రభూ, కొత్త డేటా వచ్చింది, తమరిలో చంద్రుడు నలభై శాతమే" అని ఈమెయిలు పంపలేదు. ఈ కంపెనీలు పంపుతాయి. దాని ముద్దుపేరు అప్‌డేట్.

దత్తత వెళ్లినవాళ్లు కన్నవాళ్లను వెతుక్కోడానికి, బానిసత్వం పేరూ ఊరూ మిగల్చని ఆఫ్రికన్ అమెరికన్లు చుట్టాలను కలుపుకోడానికి ఈ గొట్టం నిజంగా పనికొచ్చింది. 1870 జనగణనకు ముందు వాళ్లలో చాలామంది పేర్లే ప్రభుత్వ లెక్కలకెక్కలేదు. వాళ్ల జోలికి నేను పోను. ఇంటిపేరు, గోత్రం, ప్రవర అన్నీ నోటికొచ్చినవాడికి ఈ గొట్టమెందుకన్నదే నా గొడవ.

పైగా ఉమ్మింది తిరిగి రాదు. 23అండ్‌మీ అనే కంపెనీ చాలాకాలం ఒక్కో కిట్ 99 డాలర్లకు అమ్మి, కోటిన్నరమంది ఉమ్మి పోగుచేసింది. 2023లో హ్యాకర్లు సుమారు 69 లక్షలమంది వివరాలు ఎత్తుకుపోయారు. 2025 మార్చిలో కంపెనీ దివాలా తీసింది. చివరికి 30.5 కోట్ల డాలర్లకు దాన్ని కొనుక్కున్నది వ్యవస్థాపకురాలే పెట్టిన మరో సంస్థ. తలకు ఇరవై డాలర్లు! పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. డీఎన్ఏ మార్చుకోవాలంటే మళ్లీ పుట్టాలి. అదీ పోయింది మీ ఒక్కరిదే కాదు, గొట్టం ముఖమే చూడని మీ తమ్ముడిది కూడా సగం పోయింది.

నిజంగా వినదగ్గ మాట హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ ఎప్పుడో చెప్పింది. హార్వర్డ్ వాళ్లతో కలిసి 2013లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశంలో జనం బాగా కలిశారు. ఆ తర్వాత కులాల మధ్య తలుపులు మూసుకున్నాయి. మూసుకున్న తలుపుల వెనక జబ్బులు పేరుకున్నాయి. మన వైశ్యుల్లో కొందరికి పుట్టుకతోనే ఒక ఎంజైము తక్కువ. ఆపరేషన్‌లో కండరాలు సడలించడానికి ఇచ్చే ఒక మందు వాళ్లను త్వరగా వదలదు, ఊపిరి తిరిగి అందడం ఆలస్యమవుతుంది. ఇలాంటివి పట్టుకునే పరీక్షకు గిరాకీ లేదు. వాట్సాప్‌లో పెట్టుకోడానికి అందులో గుర్రాలుండవు మరి.

మన అబ్బాయి రిపోర్టు చూసి ఊళ్లో పెదనాన్న అడిగేది ఒక్కటే: "అంతా బానే ఉందిరా, ఇందులో మన కులం పేరేదీ?" చుట్టాల జాబితా మాత్రం చాంతాడంత వస్తుంది. తరతరాలుగా కులంలోనే ఇచ్చిపుచ్చుకున్నవాళ్ల రక్తం చూస్తే కంప్యూటరుకు దూరపువాళ్లు కూడా దగ్గరి బంధువుల్లాగే కనిపిస్తారు. ఇక మేనమామకు పిల్లనిచ్చిన ఇంట్లో భార్య పక్కన అది ఏ వరస రాస్తుందో ఆ దేవుడికే తెలియాలి. ఈలోగా అబ్బాయికి సంబంధాలు చూస్తున్నారు. జాతకాలు కలిశాయి, కట్నం కుదిరింది. అమ్మాయి తరఫువాళ్లు థలసీమియా పరీక్ష చేయించమన్నారని తెలిసి పెదనాన్నకు కోపమొచ్చింది. మా రక్తాన్నే అనుమానిస్తారా అంటూ సంబంధం వదిలేశారు.