గ్రాండ్ గండి

తెలుగు నేల మీద ఏ చోటుకైనా సొంత పేరు ఒక్కటే చాలదన్న నమ్మకం పర్యాటక ప్రచారం చేసేవారిలో ఇప్పుడు సిద్ధాంతం స్థాయికి చేరింది. ఆ సిద్ధాంతం ప్రకారం హార్స్‌లీ కొండలు ఆంధ్రా ఊటీ, లంబసింగి ఆంధ్రా కాశ్మీరం, బొగత జలపాతం తెలంగాణ నయాగరా, కోనసీమ మరో కేరళ. కడప జిల్లాలో, జమ్మలమడుగుకు పడమరగా, ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్నా పారే చోట నిలిచిన గండికోటకు వచ్చేసరికి ఈ సిద్ధాంతం ఖండాలు దాటి, దానికి భారతదేశపు గ్రాండ్ కేనియన్ అన్న బిరుదు కట్టబెట్టింది. ఈ చుట్టరికాలన్నీ ఏకపక్షమైనవి కావడం గమనించదగ్గ విషయం. నయాగరా ఒడ్డున అమెరికా బొగత అనిగానీ, అరిజోనాలో కొలరాడో గండికోట అనిగానీ బోర్డు కట్టినట్టు ఇంతవరకు ఏ యాత్రికుడూ చెప్పలేదు.

అసలు విడ్డూరం గండికోట అన్న పేరులోనే ఉంది. కొండల నడుమ నది తనకు తాను చేసుకున్న ఇరుకు దారిని తెలుగులో గండి అంటారు. చెరువు కట్ట తెగి నీళ్లు బయటపడిన చోటునూ ఆ మాటతోనే పిలుస్తారు. గండి పక్కన కట్టినది కాబట్టి అది గండికోట. భూగోళం, చరిత్ర రెండూ నాలుగు అక్షరాల్లో ఇమిడిన ఇలాంటి పేరు దొరకడమే అదృష్టం. ఆ పేరులో ఉన్న అర్థాన్నే ఇంగ్లీషులోకి మార్చి, అరిజోనా దాకా పంపి, అక్కడి ముద్ర వేయించుకుని మళ్లీ కడప జిల్లాకు దిగుమతి చేసుకోవడం, పెరట్లో కాసిన కరివేపాకును ఎగుమతి చేసి విదేశీ పొట్లంలో తిరిగి కొనుక్కోవడంతో సమానం. గండి అంటే ఏమిటో తెలియని తెలుగు పిల్లవాడికి కేనియన్ అంటే తెలుస్తుందని నమ్మేవారు భాష విషయంలో నిజంగా ఆశావాదులు.

పోలిక పెట్టినవారు కొలతలు కూడా చూసి ఉంటే బాగుండేది. అరిజోనాలో కొలరాడో నది కోసిన గ్రాండ్ కేనియన్ పొడవు సుమారు 446 కిలోమీటర్లు. వెడల్పు కొన్నిచోట్ల 29 కిలోమీటర్ల దాకా పోతుంది. లోతు 1,800 మీటర్లకు పైమాటే. గండికోట దగ్గర పెన్నా గండి లోతు, ప్రచార పత్రాలే చెప్పే లెక్కన, మూడు వందల అడుగుల చిల్లర. అంటే ఇరవయ్యో వంతు. తన కాళ్ల మీద తాను నిలబడితే నిండుగా కనిపించే మనిషిని తీసుకెళ్లి ఏనుగు పక్కన నిలబెట్టి, ఇతడు మా ఊరి ఏనుగు అని పరిచయం చేస్తే ఆ మనిషికి దక్కేది గౌరవం కాదు. అరిజోనా చూసి వచ్చిన ప్రవాసాంధ్రుడు గండికోట అంచున నిలబడి, బాగానే ఉంది గానీ చిన్నది అని పెదవి విరిస్తే, తప్పు అతడిది కాదు.

శాస్త్రవేత్తలు మాత్రం ఈ అరువు పేరును పట్టించుకోలేదు. కడప ప్రాంతంలో కోట్లాది ఏళ్ల కిందట ఒకదానిపై ఒకటి పేరుకున్న శిలల పొరలను, అంటే భూవిజ్ఞానులు కడప బేసిన్ అని పిలిచే ప్రాచీన శిలా సముదాయాన్ని వర్గీకరించినప్పుడు, అందులో చిత్రావతి సమూహానికి చెందిన ఒక పొరకు వారు గండికోట క్వార్ట్‌జైట్ అని పేరు పెట్టారు. క్వార్ట్‌జైట్ అంటే ఇసుకరాయి వేడికీ ఒత్తిడికీ గట్టిపడి ఏర్పడిన కఠినశిల. ఈ పొర జంతువులు, చెట్లు భూమి మీద పుట్టకముందటిది. లోకమంతా చదివే శాస్త్ర గ్రంథాల్లో గండికోట తన పేరుతోనే ఒక రాతికి పేరిచ్చిన చోటుగా ఉండగా, దాని సొంత రాష్ట్రపు కరపత్రాల్లో మాత్రం మరొకరి పేరు తగిలించుకుని తిరుగుతోంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. పూర్వులు కూడా ఊరికొక దక్షిణ కాశిని నిలుపుకున్నారు కదా, అది అరువు కాదా అని. అరువే. అయితే కాశీ దాకా నడిచి పోలేని ముసలివారికీ పేదవారికీ ఆ పుణ్యం దగ్గరలోనే దక్కేలా చేసిన ఏర్పాటు అది; అందులో దయ ఉంది. అరిజోనాకు పోలేనివారికి జమ్మలమడుగులో దక్కే పుణ్యమేమిటో ఏ పురాణమూ ఇంకా చెప్పలేదు.

పేరు గురించి ఇంత రాద్ధాంతం ఎందుకని అడిగేవారికి జవాబు కోటలోనే ఉంది. పేరు వెంట చూపు పోతుంది, చూపు వెంట డబ్బు పోతుంది. గ్రాండ్ కేనియన్ చూడడానికి వచ్చినవాడికి కావలసింది లోయ మాత్రమే. కోట అతడి దారికి అడ్డం వచ్చిన కట్టడం. ఇనుప రేకు తాపడం చేసి మేకులు దిగ్గొట్టిన చెక్క తలుపుల మహాద్వారం కింద అతడు బండి హారన్ మోగిస్తూ దూరతాడు. ద్వారం దాటగానే కనిపించే చిన్న చార్మినారు ముందు ఒక ఫోటో, దగ్గరలోని కారాగారం ముందు ఒక ఫోటో. ఆ తర్వాత జామా మసీదు తోరణాల మీదుగా ఒక చూపు. దాని పక్కనే మందపాటి గోడలతో, వంపు తిరిగిన కప్పుతో, ముట్టడి కాలంలో కోటలోని వారికి నెలల తరబడి తిండి పెట్టడానికి కట్టిన ధాన్యాగారం లోపలికి ఒక తొంగిచూపు. లోపల చల్లగా ఉందన్న వ్యాఖ్య. మాధవరాయ ఆలయపు గోపురం దూరం నుంచే కనిపించింది కాబట్టి చూసినట్టే లెక్క. శతాబ్దాల చరిత్రను అతడు పది నిమిషాల్లో దాటి లోయ అంచు చేరుకుంటాడు. అక్కడ బండల మీద కూర్చుని, కాళ్లు లోయలోకి వేలాడేసి, సూర్యాస్తమయం దాకా కదలడు. తిరిగి పోయేటప్పుడు పూత పెళుసుబారిన ఏదో ఒక గోడ మీద బాణం గుచ్చిన గుండె బొమ్మ, రెండు పేర్లు. ఆ కోటలో ఇటీవలి శాసనాలు అవే.

ఈ కోటను 12వ శతాబ్దిలో కాకరాజు అనే సామంతుడు మొదలుపెట్టాడని స్థానిక సంప్రదాయం. విజయనగర కాలంలో ఇది పెమ్మసాని నాయకుల చేతిలో ఉండేది. 1650 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను వజీరు మీర్ జుమ్లా వారి నుంచి స్వాధీనం చేసుకున్నాడు. ఈ సంగతులు చాలావరకు కైఫియత్తుల్లో దొరుకుతాయి. కైఫియత్తు అంటే గ్రామ కరణాల దగ్గరి కవిలెల నుంచి, పెద్దల నోటిమాటల నుంచి సర్వే అధికారి కాలిన్ మెకంజీ రాయించి పెట్టిన స్థానిక చరిత్ర. కడప జిల్లా కైఫియత్తులు పుస్తకాలుగా అచ్చయ్యాయి కూడా. అయినా లోయ అంచున నిలిచిన పర్యాటకుడిని పెమ్మసాని వారెవరని అడిగితే, ఆ పేరుతో హోటల్ ఉందా అని ఎదురు ప్రశ్న వేసే అవకాశమే ఎక్కువ. అది అతడి అజ్ఞానం అనడం అన్యాయం. కోటకు లోయే కాపలా అని అతడికి చెప్పినవారే లేరు. దుర్గమమైన లోయ ఉండబట్టే కోట ఇక్కడ పుట్టింది. రెండింటినీ విడదీసి ఒకదానికి అమెరికా పేరు పెట్టి, రెండోదాన్ని పార్కింగు స్థలంగా వాడుకోవడం అభివృద్ధి అనే మాటకు ఇచ్చిన కొత్త అర్థం.

నిజానికి గండికోటను అభివృద్ధి చేయాలని విదేశీ పరిజ్ఞానం తెప్పించినవారిలో మీర్ జుమ్లాయే ముందువాడు. 1652లో ఆభరణాల వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చి అతడిని కలుసుకుని, చూసిందీ విన్నదీ తన యాత్రా గ్రంథంలో రాసిపెట్టాడు. ఆ కథనం ప్రకారం మీర్ జుమ్లా ఇరవై ఫిరంగులు పోతపోయించ తలపెట్టి, ఆ పనికి క్లోద్ మాయి అనే ఫ్రెంచివాడిని నియమించి, లోహం కోసం గుళ్లలోని రాగి విగ్రహాలను పోగు చేయించాడు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు ఎంత మంట పెట్టినా కరగలేదట; చివరికి ఆ నిపుణుడు ఒక్క ఫిరంగినైనా సరిగా పోయలేక పని మానుకున్నాడట. ఉన్నదాన్ని కరిగించి లేనిదాన్ని తయారు చేయబోవడం, మధ్యలో నిపుణుడు వెళ్లిపోవడం, ఉన్నదీ పోవడం! ఈ మూడు దశల పథకానికి అప్పట్లో సమగ్ర ప్రాజెక్టు నివేదిక అని పేరు లేదు, అంతే తేడా.

ఇప్పటి పథకం లెక్కలు ఇంతకన్నా శుభ్రమైనవి. విశిష్ట పర్యాటక కేంద్రాలను ప్రపంచ స్థాయికి తీసుకుపోయే పేరిట కేంద్రం 2024 నవంబరులో రాష్ట్రాలకు మంజూరు చేసిన నిధుల్లో గండికోట వాటా సుమారు 78 కోట్ల రూపాయలు. అది యాభై ఏళ్లలో తీర్చవలసిన వడ్డీ లేని రుణం. పైగా మూలధన పెట్టుబడికి, అంటే కొత్తగా కట్టి చూపించగల ఆస్తులకు ఉద్దేశించినది. ఆ మాటలోనే మర్మం ఉంది. కోటకు కావలసిన పనుల్లో చాలావరకు మూలధనం కిందికి రావు. రాతి సందుల్లో మొలిచిన రావి మొక్కను వేరు ముదరకముందే పీకడం మూలధనం కాదు. వానాకాలానికి ముందు కప్పు మీది తూములు శుభ్రం చేయడం మూలధనం కాదు. గోడ మీద పేరు చెక్కబోయేవాడి చేయి పట్టుకునే కాపలాదారు జీతం అసలే కాదు. ఇవేవీ రిబ్బన్ కత్తిరించి ప్రారంభించగల పనులు కావు గనుక, ఏ శిలాఫలకం మీదా వీటికి చోటు దొరకదు.

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడానికి 2010లో సవరించిన చట్టం ప్రకారం నూరు మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ పైన మరో రెండు వందల మీటర్లు అనుమతి ఉంటేనే. కాబట్టి ఏ ప్రగతి అయినా కోట వెలుపల, అంచుల వెంట జరగవలసిందే. ఈ నిబంధన బరువు పర్యాటక సంస్థల కన్నా, కోట లోపలే తరతరాలుగా కాపురమున్న ఊరివారి నెత్తిన ఎక్కువ పడుతుంది. ఇంటి గోడ కూలితే లేపుకోవడానికి కూడా వారు కాగితాలు పట్టుకుని తిరగాలి. ప్రపంచ స్థాయి అనుభూతి గురించి రాసే నివేదికల్లో ఈ ఊరివారు సాధారణంగా హోమ్‌స్టే అన్న పదం దగ్గర మాత్రమే కనిపిస్తారు.

అడవితనం కోసం వచ్చే లోయ ప్రేమికులకు మరో సంగతి కూడా చెప్పడం న్యాయం. ఆ లోయలో ఇప్పుడు కనిపించే నీరు తన ఇష్టాన పారేది కాదు. ఎగువన దాదాపు 27 టీఎంసీల గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం. మధ్యలో పెన్నాది గేట్ల టైంటేబుల్ ప్రకారం నడిచే ఉద్యోగం. ఎగువ జలాశయం కింద కొండాపురం మండలంలో ఊళ్లకు ఊళ్లే మునిగాయి. సీమకు నీళ్లు కావలసిందే, అందులో వాదం లేదు. కానీ ఆ ఊళ్లను ముంచిన నీటి మీద పడవ షికారు చేస్తూ, తాకని ప్రకృతి అని వర్ణించడం కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది.

అరిజోనాను అనుకరించి తీరాలన్న పట్టుదలే ఉంటే, అనుకరించదగ్గవి అక్కడ లేకపోలేదు. అక్కడ లోయ 1919 నుంచి జాతీయ ఉద్యానవనం. లోయలోకి దిగి రాత్రి బస చేయాలంటే ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి, ఎంతమందికి ఇవ్వాలో పరిమితి ఉంటుంది, వెంట తీసుకుపోయిన చెత్తను తిరిగి మోసుకుని రావాలి. ఈ భాగం ఎందుకో దిగుమతి కాలేదు. పేరు మాత్రం ఓడ దిగింది. నియమాలు రేవులోనే ఉండిపోయాయి. వారాంతం గడిచాక గుడారాల చుట్టూ మిగిలే సీసాలనూ ప్లాస్టిక్ పళ్లేలనూ చూస్తే, ఈ పోలిక తమకు వద్దని అభ్యంతరం చెప్పవలసింది అరిజోనా వారే అనిపిస్తుంది.

సొంత పేరుతో ప్రపంచానికి చేరలేమన్న భయానికి ఆధారం కూడా లేదు. పాలంపేటలోని రామప్ప గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది. తెలంగాణ ఖజురహో అని కాదు, కాకతీయ రుద్రేశ్వర రామప్ప ఆలయం అన్న పూర్తి పేరుతోనే, తేలిక ఇటుకలతో, ఇసుక పునాదితో, తన శిల్పులు చేసిన పనితోనే ఎక్కింది.

గండికోటకు చేయవలసిన పనుల జాబితా పెద్దదే. గోడల, బురుజుల కొలతలతో చిత్రపటాలు గీయించాలి. సున్నపు పూత పోయిన చోట సిమెంటు మెత్తితే తడి లోపలే చిక్కి లవణాలు పొంగి పాత పని పొరలుగా ఊడిపోతుంది గనుక, గానుగ సున్నం పట్టడం తెలిసిన మేస్త్రీలను వెతికి, వారి దగ్గర ఊరి కుర్రాళ్లకు పని నేర్పించాలి. కైఫియత్తులోని సంగతులను మంచి తెలుగులో కట్టడాల పక్కన రాసి పెట్టాలి. వీటికి నిధులు, కమిటీలు, సంవత్సరాలు పడతాయని అధికారులు అంటారు, నిజమే కావచ్చు. కానీ బోర్డుల మీద గండికోట అన్న మాట కింద రాసిన రెండో పంక్తిని చెరపడానికి ఏ రుణమూ అక్కరలేదు. ఒక నిచ్చెన, అర డబ్బా రంగు, ఒక పూట కూలి చాలు. ఆ పని ఈ వారమే మొదలుపెట్టవచ్చు.