ఆవిడ మీద ఐటం రాయడం ఎలా?

ఆయ్, కొత్త కంట్రిబ్యూటర్ గారూ! మన గోదావరి జిల్లాల్లో పేరున్న ఆడవాళ్లకు కొదవ లేదు. వాళ్ల జయంతో వర్ధంతో వచ్చిందంటే డెస్కు నుంచి ఫోన్ రానే వస్తుంది. కంగారు పడకండి. ఈ పద్ధతి పాటిస్తే పావుగంటలో ఐటం పంపేయొచ్చు.

1. అసలు పేరు జోలికి పోకండి. ఏలూరు దగ్గర కొవ్వలిలో పుట్టిన విజయలక్ష్మి 1980లో ‘వండిచక్రం’ అనే తమిళ సినిమాలో సిల్క్ అనే వేషం వేసింది. వేషం తీసేసినా పేరు మాత్రం వదల్లేదు. ‘సీతాకోకచిలుక’లో శరత్‌బాబు భార్యగా చేసింది కదా అని ఎవరైనా గుర్తుచేస్తే, స్థలం చాల్లేదనండి.

2. క్రియలు చూసుకోండి. హీరో ‘వచ్చారు’, ఆవిడ ‘వచ్చింది’. ఒకటో నంబరులో నేనూ అలాగే రాశాను, గమనించారా? గమనించలేదు కదూ. అదే మన పనితనం.

3. సాక్ష్యం కోసం తిరగొద్దు. ‘ట’ ఉందిగా. ‘చేసిందట’, ‘వెళ్లిందట’. వాక్యం చివర ఆ ఒక్క అక్షరం తగిలిస్తే ఏ లాయరూ అక్కర్లేదు.

4. పాత్రను మనిషికి అంటగట్టండి. కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో పుట్టిన సూర్యకాంతం గారు షూటింగుకి ఇంటి నుంచి క్యారియర్లలో వంటలు తెచ్చి, తోటివాళ్లకు కొసరి కొసరి వడ్డించేవారు. ఆ క్యారియర్ మూత పొరపాటున కూడా తీయకండి. పులిహోర వాసన తగిలితే తెర మీది గయ్యాళి అత్త ఏమైపోవాలి? ఆడపిల్లలకు సూర్యకాంతం అన్న పేరు పెట్టడానికే జనం జంకారంటారు. సినిమా మొదలెట్టింది, మనం పూర్తిచేశాం.

5. పోయాక ఏడవండి. 1996 సెప్టెంబర్ 23న మద్రాసులో ఆ విజయలక్ష్మే, అంటే సిల్క్ స్మిత, పోయింది. ముప్ఫై అయిదేళ్లు. బతికుండగా కొలతలు రాసిన చేత్తోనే ‘విషాద తార’ అని రాయండి. 2011లో సరిగ్గా ఆవిడ పుట్టినరోజున ‘డర్టీ పిక్చర్’ విడుదలైంది. అందులో ఆవిడ వేషం కట్టిన విద్యాబాలన్‌కు జాతీయ అవార్డొచ్చింది. బతుకు కన్నా వేషానికే విలువని తేలింది కదా, ఇంకేం.

6. పెద్ద మనుషులైతే చిన్నప్పటి ముచ్చట దగ్గరే ఆపేయండి. రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు, ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరు. టిక్కెట్టు లేదని నెహ్రూనే ఆపేసింది. టిక్కెట్టు కొన్నాకే లోపలికి వదిలింది. హెడ్డింగుకి నెహ్రూ దొరికాడు, చాలు. ఆవిడ రాజ్యాంగ సభలో కూర్చోవడం, ఆంధ్ర మహిళా సభ పెట్టడం చివరి పేరాలో వేయండి, పేజీ పెట్టేవాడు ఎలాగూ కోసేస్తాడు.

‘ఆంధ్ర మహిళ’ పత్రికకు ఆవిడే సంపాదకురాలన్న సంగతి మాత్రం ఎక్కడా పొక్కనీయకండి. వాళ్లే కలం పట్టుకుని డెస్కులో కూర్చుంటే, ఐటాలు మనం ఎవరి మీద రాస్తామండీ?