రైలు పుట్టిల్లు, బస్సు కాపురం

లోకానికి రైలెక్కడం నేర్పిన దేశం బ్రిటన్. 1825లో స్టాక్టన్-డార్లింగ్టన్ మధ్య ఆవిరి బండి నడిపిన ఘనతకు మొన్న 2025లో రెండు వందల ఏళ్ల పండగ చేసుకుంది. ఆ పండగకు రైల్లో వెళ్దామంటే లీ పట్టణం వారికి స్టేషనే లేదు!

మాంచెస్టర్ దగ్గరి ఈ ఊరికి 1828లోనే పట్టాలు పడ్డాయి. పేరుమోసిన లివర్‌పూల్-మాంచెస్టర్ లైను కంటే రెండేళ్లు ముందు. ఉన్న చివరి స్టేషన్‌నూ 1969లో మూసేశారు. మళ్లీ 2016లో దొరలకు జ్ఞానోదయమై, పాత రైలు బాటను కొంతమేర బాగుచేసి, దానిమీద... బస్సులు తిప్పారు.

ఇలాంటి మూసివేతల మూలపురుషుడు బీచింగ్ గారు. రసాయనాల కంపెనీ నుంచి ఆయన్ను రైల్వేకు పెద్దగా తెచ్చుకున్నారు. జీతం ఏటా 24 వేల పౌండ్లు, ప్రధానమంత్రి కన్నా ఎక్కువే. 1963లో ఆయన రాసిచ్చిన మందు: రెండు వేల పైచిలుకు స్టేషన్లకు తాళం. కాలినొప్పికి కాలే తీసేసే వైద్యం. అప్పటి రవాణా మంత్రి మార్పుల్స్ ఎవరనుకున్నారు? రోడ్లు వేసే కంపెనీ పెట్టిన పెద్దమనిషి! ఏం, రోడ్లంటే మక్కువ ఉండకూడదా?

స్టేషన్ లేని మరో ఊరు గోస్‌పోర్ట్ మరీ చురుకు. బీచింగ్ కత్తి దాకా ఆగకుండా 1953లోనే ప్రయాణికుల రైళ్లకు సెలవిచ్చేసింది. విక్టోరియా రాణి దిగిన ఊరది. ఇప్పుడు నీళ్లకు అవతల పోర్ట్స్‌మత్ హార్బర్ స్టేషన్ ఉంది కదా, చాలదూ? రైలెక్కాలంటే ముందు పడవెక్కాలి, అంతే.