జహీరాబాద్ నాజిల్ సూత్రం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కాళిదాసుకూ భారవికీ మాఘుడికీ వ్యాఖ్యానాలు రాసిన కోలాచల మల్లినాథసూరిది మెదక్ దగ్గరి కొల్చారం. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడేదాకా జహీరాబాద్‌దీ అదే మెదక్ జిల్లా. కాబట్టి ఈ గడ్డ మీద మూలం దొరికాక టీక రాయకుండా వదిలేయడం మర్యాద కాదు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆ మహానుభావుడు మాటిచ్చి మరీ గంటం పట్టాడు. మొదటి మాట నేనూ ఇవ్వగలను. రెండోది ఇస్తే ఈ వ్యాసం ఇక్కడే అయిపోతుంది.

మూలకర్త 65వ నంబరు జాతీయ రహదారి పక్కన రేకుల షెడ్డు నడిపే ఒక ఉస్తాద్. సందర్భం ఒక పాత మారుతి 800. 1983 నుంచి 2014 దాకా మూడు దశాబ్దాలు తయారైన కారు అది. మన ముందున్నది కార్బురేటర్ కాలం వెళ్ళి, కంప్యూటర్ నడిపే ఇంజెక్షన్ ఎంపీఎఫ్ఐ వచ్చాక పుట్టిన బండి. పొద్దున్నే స్టార్టవడానికి మొరాయిస్తుంది. అయ్యాక ఐడిలింగ్‌లో వణుకుతుంది. ఏసీ వేస్తే ఆగిపోతుంది. ప్లగ్గులు మార్చారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, రెండు గుళ్ళలో కొబ్బరికాయ కూడా కొట్టారు. ఇక మిగిలింది ఇంజన్‌కు పెట్రోలు చిమ్మే నాజిళ్ళను ఊడదీసి మెషిన్ మీద కడిగించడం. కొత్తగా చేరిన శిష్యుడు పానా పట్టుకుని బానెట్ ముందు నిలబడ్డాడు. ఉస్తాద్ ఇంకో బండి కింద పడుకుని, తల బయట పెట్టకుండానే ఈ సూత్రం ఉపదేశించాడు.

మూలం

“బండి సల్లగయినంక, ప్రెషర్ దించి, మైనస్ తీసి, దుమ్ము ఊది, రైలు పట్టి ఎత్తు. నాజిల్ గుంజకు. రింగు మల్ల వాడకు.”

ప్రతిపదార్థం

బండి = శకటము (ఇచట లక్షణచేత ఇంజన్ అని గ్రహింపవలెను; సీట్లు చల్లబడినంత మాత్రమున చాలదు); సల్లగయినంక = శీతలత్వము నొందిన పిదప; ప్రెషర్ = ఇంధననాళమునందలి పీడనమును; దించి = శమింపజేసి; మైనస్ = బ్యాటరీ యొక్క ఋణధ్రువపు తీగను; తీసి = వేరుపరచి; దుమ్ము = ధూళిని, అందునను ఎర్రధూళిని; ఊది = కంప్రెసర్ గాలిచే ఎగురగొట్టి; రైలు = నాజిళ్ళకు పెట్రోలు పంచు గొట్టమును (వికారాబాదు మీదుగా వచ్చి బీదరు పోవునది కాదు); పట్టి = ఇరుచేతుల గ్రహించి; ఎత్తు = సమముగా పైకి లేపుము. శేషము సుగమము.

శేషం సుగమం అని వ్యాఖ్యాతలు ఎక్కడ రాస్తే కష్టమంతా అక్కడుంటుందని చదువుకున్నవాళ్ళకు తెలుసు. అందుకే ఆ శేషానికి మళ్ళీ వస్తాను.

తాత్పర్యం

ఊడదీసే ముందు చేయవలసినవి నాలుగు, ఊడదీయడం ఒకటి, చేయకూడనివి రెండు. కడగడం గురించి ఒక్క ముక్క లేదు. కడిగించడానికి తీస్తూ కడగడం ప్రస్తావన లేకపోవడం లోపం కాదా అంటే, కాదు. కడిగేది మెషిన్. దానికి బటన్ ఉంది. తీసేది చెయ్యి.

విశేషాంశాలు

అసలు ఊడదీయడం దేనికి, ట్యాంకులో ఒక సీసా క్లీనర్ పోస్తే పోలేదా అని పూర్వపక్షం. వినవలసిన వాదనే. నాజిల్ కొనకు జిడ్డు ఎలా పడుతుందో చూస్తే సమాధానం దొరుకుతుంది. బండి నడుస్తున్నంతసేపూ పారే పెట్రోలే ఆ కొనను చల్లబరుస్తుంది. ఆపగానే ఆ చలవ పోతుంది, ఇంజన్ వేడి నాజిల్‌కు ఎక్కుతుంది. కొనకు అంటుకున్న పెట్రోలులో తేలికైన భాగం ఆవిరైపోయి, బరువైనది జిగురుగా మిగిలి, రోజులు గడిచేకొద్దీ వార్నిష్‌లా గట్టిపడుతుంది. బస్టాండు నుంచి మార్కెట్టు, మార్కెట్టు నుంచి ఇల్లు అని రోజుకు పదిసార్లు ఆగే బండికి ఇది త్వరగా పడుతుంది. హైదరాబాద్ దాకా ఏకబిగిన పోయే బండికి అంత త్వరగా పట్టదు. జిగురు పలచగా ఉన్నప్పుడు సీసా మందు పనిచేస్తుంది, కాదనం. గట్టిపడ్డదానికి చాలదు. పైగా సిలిండర్‌కొకటి చొప్పున ఉన్న మూడు నాజిళ్ళలో ఏది ఎంత చిమ్ముతోందో సీసా పోసినవాడికి కనబడదు. రెండు కవులు, ఒకటి మూగ అయితే ఆ బండి వణకక ఏం చేస్తుంది? దుర్వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును లేపడానికే తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టానన్నాడు మల్లినాథుడు. నాజిల్‌కు పట్టిన రోగమూ అటువంటిదే: లోపలి వస్తువు బాగానే ఉంటుంది, పైన పేరుకున్నదే దాన్ని పలకనివ్వదు.

ఆ పలకడం ఎంత సూక్ష్మమో చెప్పాలి. రైలులో పెట్రోలు దాదాపు మూడు బార్ల ఒత్తిడితో సిద్ధంగా ఉంటుంది. కంప్యూటర్ నుంచి కరెంటు రాగానే నాజిల్ లోపలి సూది రవ్వంత లేస్తుంది, ఐడిలింగ్‌లో సెకనులో వెయ్యోవంతులు రెండో మూడో తెరిచి ఉంటుంది, మళ్ళీ కూర్చుంటుంది. రెండు చుట్లకొకసారి చిమ్మే పద్ధతిలో, నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఒక్కో నాజిల్ నిమిషానికి 400 సార్లు ఈ పని చేస్తుంది. పొగమంచులా రావలసింది ధారగా వస్తే పెట్రోలు సరిగ్గా కాలదు. ఇంత పని చేసేదాన్ని గుండుసూదితో పొడిచి బాగుచేద్దామనేవాళ్ళు ఊరికొకరుంటారు. ఆ మతాన్ని ఖండించడానికి నాకు సంస్కృతం అక్కర్లేదు. రంధ్రం కొలత చెడితే ఆ నాజిల్ ఇక కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోవడానికి పనికొస్తుంది.

ఇక క్రమం. ఈ సూత్రంలో మాటల వరుసే అర్థం. చల్లబడ్డాక ప్రెషర్ దించమన్నాడు. ప్రెషర్ దించడం అంటే పెట్రోలు పంపు ఫ్యూజో రిలేనో తీసేసి ఇంజన్ స్టార్ట్ చేసి, గొట్టంలో మిగిలింది తాగి అదే ఆగిపోయేదాకా ఉండటం. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు సెల్ఫ్ కొట్టడం. ఇక్కడ సూక్ష్మబుద్ధి గల శిష్యుడికి ఒక సందేహం రావాలి, వచ్చింది కూడా: “సల్లగయిన బండిని మల్ల స్టార్ట్ చేస్తే గరం కాదా ఉస్తాద్?” కాదు. పంపు లేని ఇంజన్ ఆడేది కొద్ది సెకన్లే. ఆ కాస్తకు చెయ్యి కాలేంత వేడి పుట్టదు. మైనస్ ముందు తీస్తే ఏమవుతుందన్నది తర్వాతి ప్రశ్న. సెల్ఫ్ తిరగదు, ప్రెషర్ దిగదు, గొట్టం విప్పగానే మూడు బార్ల పెట్రోలు మొహం మీద చిమ్ముతుంది. అందుకే ప్రెషర్ తర్వాత మైనస్. ఒత్తిడి దించినా గొట్టంలో కొన్ని చుక్కలు ఉండనే ఉంటాయి, కింద గుడ్డ పట్టుకోవాల్సిందే; అవి కారేటప్పుడు ఎక్కడా నిప్పురవ్వ లేవకుండా ఉండటానికే మైనస్. బీడీ మాట సూత్రంలో లేదేమంటే, ఆ మాట షెడ్డు గోడ మీద ఎర్రరంగుతో రాసి ఉంది. శాస్త్రంలో ఒకచోట చెప్పింది ఇంకోచోట చెప్పడం పునరుక్తి.

దుమ్ము ఊది అన్న రెండు మాటలకు నేను ఒక గ్రంథం రాయగలను. జహీరాబాద్‌ది ఎర్రనేల. ఎండాకాలం గాలికి లేచిన మట్టి, చెరకు ట్రాక్టర్ల వెనకాల లేచిన మట్టి, లారీల మట్టి, అన్నీ బానెట్ సందుల్లోంచి దూరి, కాస్త నూనె చెమర్చిన చోట కూర్చుని గట్టిపడతాయి. నాజిల్ తన గూట్లో దిగే చోట చుట్టూ ఒక చిన్న పల్లం ఉంటుంది. మట్టికి అంతకంటే ఇష్టమైన చోటు ఇంకోటి లేదు. ఊదకుండా ఎత్తితే ఆ మట్టి నేరుగా ఇన్‌టేక్ దారిలో పడుతుంది, అక్కడి నుంచి వాల్వు సీటుకు, సిలిండర్ గోడకు పోతుంది. నాజిల్ కడిగించబోయి ఇంజన్ గీరుకుపోయింది అనిపించుకోవడం ఇలాగే. ఎత్తాక ఊదుతాను అనేవాడు ఆ మట్టిని తన చేత్తో లోపలికి పంపుతున్నాడు. కాబట్టి ముందు బ్రష్షు, తర్వాత గాలి, తర్వాతే బోల్టు. ఎత్తాక ఆ రంధ్రాలను శుభ్రమైన గుడ్డతో మూయాలి. సూత్రంలో ఈ మాట లేదు, అధ్యాహారం చేసుకోవాలి. ఆ గుడ్డ ఎర్రదో పచ్చదో కావాలని కూడా అధ్యాహారం చేసుకుంటే మంచిది, బిగించేటప్పుడు కనబడుతుంది. నల్లగుడ్డ కుక్కి మరిచిపోతే దాన్ని వెతకడం పెద్ద పని.

రైలు పట్టి ఎత్తు అనడంలో స్వారస్యం నాజిళ్ళను ఒక్కొక్కటిగా పీకవద్దని. బోల్టులు తీసి, రైలుతో సహా మూడింటినీ కలిపి, అటూ ఇటూ సమంగా మెల్లగా కదుపుతూ లేపాలి. ఏళ్ళ తరబడి వేడికి కాలిన రబ్బరు గూటిని వదలదు. కొంచెం నూనె చుక్క వేసి ఓపిక పట్టాలి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే నాజిల్ ప్లాస్టిక్ ఒళ్ళు పగులుతుంది. నాజిల్ గుంజకు అన్న నిషేధం తీగకూ వర్తిస్తుంది. కప్లర్‌ను దాని క్లిప్పు నొక్కి తీయాలి, తీగ పట్టి లాగకూడదు; పాత బండిలో ఆ ప్లాస్టిక్ అప్పడం కంటే పెళుసు. ఏ నాజిల్ ఏ సిలిండర్‌దో ముందే గుర్తు పెట్టుకోవాలి. కడిగే మెషిన్ మీద గాజు గొట్టాల్లో నాజిళ్ళు చిమ్మినప్పుడు ఏది తక్కువ చిమ్మిందో తెలుస్తుంది. అది ఏ సిలిండర్‌దో తెలియకపోతే ఆ తెలిసినదానికి విలువ లేదు.

పాఠాంతరం

ఇదే రోడ్డు మీద నాలుగు షెడ్లు దాటితే డీజిల్ సంప్రదాయం. అక్కడ “ప్రెషర్ దించి” స్థానంలో “పైపు నట్లు ఇప్పి” అనీ, “రింగు” స్థానంలో “వాచరు” అనీ పాఠం. రెండూ శుద్ధపాఠాలే. పాతకాలపు డీజిల్ పంపు ఇంజన్ తిరిగినప్పుడే ఒత్తిడి పుట్టిస్తుంది కాబట్టి, ఆగి ఉన్నదానికి పెద్దగా దించేదేమీ ఉండదు. గూట్లో కింద ఉండేది రాగి వాచరు. ఆ నాజిళ్ళు తెరుచుకునేదే వంద బార్లు దాటాక. పరీక్షించేటప్పుడు ఆ పిచికారి కింద చెయ్యి పెడితే చర్మంలోకి దూసుకుపోతుంది. పెట్రోలువాడికి పనికొచ్చే ధైర్యం అక్కడ పనికిరాదు.

డీజిల్ వాళ్ళకు ఈ ఊళ్ళో ప్రాచీనత ఎక్కువ. 1980లలో ఆల్విన్ నిసాన్ పేరుతో మొదలై తర్వాత మహీంద్రా చేతికి వచ్చిన ఫ్యాక్టరీ జహీరాబాద్‌దే. క్యాబ్‌స్టార్ చిన్న లారీలు ఇక్కడి నుంచే రోడ్డెక్కాయి. అంతకుముందే, 1951లో మొదలైన బెంగళూరు మైకో కంపెనీ నాజిళ్ళూ పంపులూ దేశమంతా తిరిగాయి. ఆ కంపెనీ 2008లో బాష్ అని పేరు మార్చుకుంది, షెడ్డులో మాత్రం ఇప్పటికీ మైకోయే. పెట్రోలు కారులో ఉన్నది ఇంజెక్టరని కంపెనీ పుస్తకం మొత్తుకున్నా ఉస్తాద్ దాన్ని నాజిల్ అనడానికి కారణం లారీలు ముందొచ్చి కార్లు తర్వాత రావడమే. బయటా ఇదే వరుస: కారులోకి కంప్యూటర్ నడిపే పెట్రోలు ఇంజెక్షన్ 1967లో జర్మన్ ఫోక్స్‌వాగన్ 1600తో వచ్చింది. డీజిల్‌కు బాష్ పంపు 1927 నుంచే ఉంది.

మిగిలిన శేషం

రింగు మల్ల వాడకు. సుగమం అని దాటేసిన మాట ఇదే. నాజిల్ పైన ఒక రబ్బరు రింగు, కింద ఇంకొకటి. పైది పోతే వేడి ఇంజన్ మీద పెట్రోలు కారుతుంది. కిందది పోతే దొంగగాలి చొరబడి, ఏ వణుకు కోసం ఇంత చేశామో ఆ వణుకు తిరిగి వస్తుంది. పాత రింగు చూడటానికి బాగానే కనబడుతుంది, వేలితో నొక్కితే గట్టిగా తగులుతుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. 2018 నాటి జీవ ఇంధన విధానంలో ఆ లక్ష్యం 2030కి ఉండేది, 2022లో దాన్ని 2025-26కి ముందుకు జరిపారు. చెరకు పండే ఊళ్ళో దీనికి నేను వ్యతిరేకంగా మాట్లాడను. కానీ ఈ మారుతి పుట్టినప్పుడు దాని రబ్బరుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇథనాల్ పాత ట్యాంకు అడుగున పడుకున్న మడ్డిని కరిగించి ముందుకు తోస్తుంది కూడా, కాబట్టి నాజిళ్ళు తీసిన చేత్తోనే పెట్రోలు ఫిల్టర్ మార్చడం న్యాయం. కొత్త రింగుకు కాస్త ఇంజన్ ఆయిల్ రాసి, మెలిపడకుండా దింపాలి. గ్రీజు వద్దు.

బిగించడం గురించి సూత్రం మౌనం. ఉస్తాద్‌ను అడిగితే, “తీసినోనికి పెట్టుడు రాదా?” అన్నాడు. వస్తుంది. అయినా స్టార్ట్ చేసే ముందు రెండుమూడు సార్లు తాళం ఆన్ చేసి ఆపి, పంపు ఒత్తిడి ఎక్కించి, టార్చితో రైలు చుట్టూ తడి ఉందేమో చూడాలని వ్యాఖ్యాత విన్నపం.

ఫలశ్రుతి

ఈ సూత్రము పఠించి యథాక్రమముగ నాచరించినవారి బండి పొద్దున మొదటి సెల్ఫ్‌కే లేచును, ఐడిలింగ్ నిలకడగ నుండును, ఏసీ వేసినను ఆగదు, మైలేజీ కొంత పెరుగును. కాయిల్ పోయిన బండికి, కంప్రెషన్ పోయిన బండికి, ట్యాంకులో నీళ్ళు చేరిన బండికి ఈ ఫలశ్రుతి వర్తింపదు. రింగుల ఖరీదు వేరు.