మా బావకి 121

ప్రతి బంధువర్గంలోనూ ఒకడుంటాడు. బైపాసు రోడ్డు తూర్పున పడుతుందని ఊరంతా అటు స్థలాలు కొంటే, తను పడమట కొంటాడు. అతను ఓటేసిన అభ్యర్థికి డిపాజిట్ దక్కదు. అతను మొదటిరోజు మొదటి ఆట చూసిన సినిమా రెండోవారం పోస్టర్ల మీద కూడా మిగలదు. ఇంతా జరిగి అతని మొహంలో దిగులుండదు. "నేను ముందే చెప్పానా?" అన్న తృప్తి ఉంటుంది. మా వైపు ఆ పదవి మా బావది. తణుకులో పుట్టి, హైదరాబాదులో చదివి, షికాగోలో స్థిరపడి, ఆ ఊళ్ళో ఉన్న రెండు బేస్‌బాల్ జట్లలో ఏరికోరి వైట్ సాక్స్‌ని పట్టుకున్నాడు.

పట్టుకోవడంలో అతని తప్పు కొంతే ఉంది. అతను షికాగోలో దిగింది 2005 అక్టోబరులో. వేళ తప్పిన నిద్ర ఇంకా కుదుటపడకముందే వైట్ సాక్స్ హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ని వరసగా నాలుగు ఆటల్లో ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచింది. 28వ తేదీన నడివీధిలో ఊరేగింపు, మేడల మీంచి కాగితం ముక్కల వాన, లక్షల జనం. కొత్తగా దిగిన మనిషి అది చూసి, మన అంతర్వేది తీర్థంలా ఇది ఏటేటా జరుగుతుంది కాబోలనుకున్నాడు. ఆ జట్టు అంతకుముందు గెలిచింది 1917లో అనీ, నడుమ 88 ఏళ్ళు గడిచాయనీ చెప్పేవాళ్ళు దొరికేసరికి టోపీ కొనేశాడు. 1919లో ఆ జట్టు ఆటగాళ్ళు జూదగాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని కావాలని వరల్డ్ సిరీస్ ఓడారన్న వ్యవహారంలో ఎనిమిది మందిని జీవితాంతం ఆటకి దూరంగా ఉంచారని తెలిసేసరికి జెర్సీ కూడా కొనేశాడు.

"ఆ రోజుల్లో ఓడిపోవాలంటే డబ్బులివ్వాల్సొచ్చేదిరా బామ్మర్దీ. ఇప్పుడు మావాళ్ళు స్వచ్ఛందంగా ఓడుతున్నారు" అంటాడు.

బేస్‌బాల్ తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. మార్చి చివర మొదలెట్టి సెప్టెంబరు చివరిదాకా ఒక్కో జట్టు 162 ఆటలు ఆడుతుంది. అంటే దాదాపు రోజూ. అక్కడివాళ్ళు ఒక లెక్క చెబుతారు: ఎంత పనికిమాలిన జట్టయినా 54 గెలుస్తుంది, ఎంత మొనగాడి జట్టయినా 54 ఓడుతుంది, కథంతా మిగిలిన 54లోనే ఉంది. 2024లో వైట్ సాక్స్ ఆ లెక్కని చింపి పారేసింది. 41 గెలిచి 121 ఓడింది. 1901 నుంచి ఇప్పటిదాకా ఒక్క ఏడాదిలో అన్ని ఆటలు ఓడిన జట్టు లేదు. అంతకుముందు రికార్డు 1962లో అప్పుడే పుట్టిన న్యూయార్క్ మెట్స్‌ది, 120. వాళ్ళు పసివాళ్ళు, పోనీలే అనుకోవచ్చు. నూరేళ్ళు దాటిన వైట్ సాక్స్‌ని ఏమనుకోవాలి?

తొలి 25 ఆటల్లో 22 ఓడినప్పుడే మామూలు మనిషి టీవీ కట్టేస్తాడు. మా బావ పెద్ద టీవీ కొన్నాడు.

మే 23న బాల్టిమోర్ మీద చివరి ఇన్నింగ్స్‌లో మావాడి జట్టు పుంజుకుంటోంది. 8-6కి వచ్చింది, ఇద్దరు బేసుల మీదున్నారు. బంతి గాల్లోకి లేచింది. రెండో బేస్ దగ్గరున్న వైట్ సాక్స్ ఆటగాడు ఆండ్రూ వాన్, బంతి పట్టబోతున్న బాల్టిమోర్ ఆటగాడు గన్నర్ హెండర్సన్‌కి అడ్డొచ్చాడని అంపైరు తేల్చాడు. ఒకేసారి ఇద్దరు అవుటు, ఆట సమాప్తం. ఈ అన్యాయాన్ని మా బావ ఆ వేసవంతా భోజనానికి పిలిచిన ప్రతివాళ్ళకీ బల్ల మీద ప్రదర్శించాడు. ఆవకాయ జాడీ హెండర్సన్, ఉప్పు డబ్బా వాన్, నెయ్యి గిన్నె అంపైరు. "చెప్పండి మాస్టారూ, ఉప్పు ఎక్కడైనా ఆవకాయకి అడ్డొచ్చిందా?" అని నిలదీసేవాడు. పాపం ఆ వచ్చినాయన క్రికెట్లో ఎల్బీడబ్ల్యూ కూడా తెలియని మనిషి, నెయ్యి కోసం చెయ్యి చాచి అలాగే ఆగిపోయేవాడు.

అదే వారం మా హైదరాబాద్ సన్‌రైజర్స్ ఐపీఎల్ ఫైనల్లో కోల్‌కతా చేతిలో 113కే కుప్పకూలింది. నేను భోజనం మానేసి కూర్చుంటే ఫోన్ చేశాడు, గొంతులో దాచుకోలేని హుషారు. "ఫైనల్‌దాకా వెళ్ళి ఓడితే అది ఓటమంట్రా? అది వినోదం. మా దగ్గరికి రా, ఓటమంటే ఏంటో చూపిస్తా" అన్నాడు. ఆ సీజన్ మొత్తం, 162 ఆటల్లో, అతని జట్టు చేసిన పరుగులు 507.

చూపిస్తానన్నవాడు చూపించాడు కూడా. ఆ వేసవిలో షికాగో వెళితే ఆటకి తీసుకెళ్ళాడు. పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి పులిహోర తిన్నాం. అప్పట్లో ఆ మైదానం పేరు గ్యారంటీడ్ రేట్ ఫీల్డ్, ఇళ్ళకి అప్పులిచ్చే కంపెనీ పేరు. ఆ కంపెనీ గుర్తు కిందికి చూసే ఎర్ర బాణం. వడ్డీ దిగుతుందని వాళ్ళ ఉద్దేశం. జట్టు ఎటు పోతోందో నిజాయితీగా గోడ మీదే రాశారని మా బావ ఉద్దేశం. సొంతజట్టు హోమ్ రన్ కొడితే స్కోరుబోర్డు మీద చక్రాలు గిరగిరా తిరుగుతాయి, బాణసంచా కాలుతుంది. అది చూపించడానికే నన్ను తెచ్చానన్నాడు. ఆ రోజు ఒక్క తారాజువ్వ కూడా లేవలేదు. ఖాళీ కుర్చీలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి, ఒకదాంట్లో కూర్చుని రెండో దాని మీద కాళ్ళు, మూడో దాని మీద టోపీ పెట్టుకున్నాం. ఆ ఏడాది అక్కడ జనం మెచ్చుకున్నది క్యాంప్‌ఫైర్ మిల్క్‌షేక్ అనే ఒక పానీయాన్ని. మా బావ అది రెండు తాగి, "జట్టులో దీనికే చోటివ్వాలి" అన్నాడు.

ఇంట్లో చూసేటప్పుడు అతనికి కొన్ని నియమాలున్నాయి. తను సోఫాలో కూర్చుంటే ఓడతారు. వంటింట్లో నుంచుంటే పరుగులొస్తాయి. ఇది నిజం కాదని 121 సార్లు రుజువైనా అతను నమ్మకం సడలించలేదు. మా అక్కా సడలించనివ్వలేదు. ఆటవేళకి వంటింట్లో నుంచున్న మనిషి చేతిలో కత్తిపీట పెట్టేది. ఆ ఏడాది ఆ ఇంట్లో అక్క ఉల్లిపాయ తరిగిన పాపాన పోలేదు.

యజమాని జెర్రీ రైన్స్‌డార్ఫ్ పేరెత్తితే మా బావ మాట తీరు మారిపోతుంది. ఆయన 1981 నుంచీ జట్టు యజమాని. బాస్కెట్‌బాల్ జట్టు షికాగో బుల్స్‌కీ ఆయనే యజమాని, అక్కడ మైకేల్ జోర్డాన్ పుణ్యమా అని ఆరు టైటిళ్ళొచ్చాయి. "ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం" అని మా బావ పళ్ళు కొరుకుతాడు. 1994లో జోర్డాన్ బాస్కెట్‌బాల్ మానేసి వైట్ సాక్స్ అనుబంధ జట్టులో ఒక సీజన్ ఆడాడు, సగటు 0.202. "ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడు మా బట్టలు తొడుక్కోగానే అలా అయిపోయాడంటే, మిగతావాళ్ళని అనుకుని ఏం లాభం?"

వదిలి వెళ్ళిపోయినవాళ్ళ మీద ప్రేమ మరీ ఎక్కువ. 2024 మార్చిలో పాడ్రెస్ జట్టుకి ఇచ్చేసిన డిలన్ సీస్, జూలై 25న ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట మొత్తం బంతులు విసిరాడు. ఆ జూలైలోనే డాడ్జర్స్‌కి పంపించేసిన మైకేల్ కోపెక్, అక్టోబరులో వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నాడు. మా బావ ఇద్దరి ఫొటోలూ కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టి "మనవాళ్ళే" అని రాశాడు. మా పిన్ని "సంబంధాలు చూస్తున్నారా?" అని అడిగింది.

ఆ గ్రూపులోనే అసలు కథ నడిచింది. జూలై 10 నుంచి వైట్ సాక్స్ వరసగా 21 ఆటలు ఓడింది. రోజూ ఏం రాస్తాంలే అని మా బావ రాత్రి పడుకునేముందు ఉత్త అంకె పెట్టడం మొదలెట్టాడు. ఒకరోజు 74. మర్నాడు 75. తణుకులో మా అమ్మకి అది పొద్దున్నే కనబడేది. ఆవిడకి పదేళ్ళుగా షుగరు. పరగడుపున అంకె చూసుకుని కాఫీ తాగే మనిషి. అల్లుడు కూడా చూపించుకుంటున్నాడని సంతోషించింది. ఆగస్టు మొదట్లో 88 అయింది, బాగుందంది. ఆగస్టు ఆఖరుకు 100 దాటేసరికి గుండెలు బాదుకుంది. "రోజుకొకటి చొప్పున ఎక్కుతోందే, మాత్రలు పనిచెయ్యట్లేదే" అని అక్కకి ఫోన్. అక్కకి అసలు సంగతి తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. ఆ వంకతో పూతరేకుల డబ్బా అల్లుడికి అందని అరలోకి ఎక్కించింది. అమ్మ చెప్పిన నానబెట్టిన మెంతుల నీళ్ళు రోజూ పరగడుపున తాగించింది. సెప్టెంబరు 22కి 120. అక్కణ్ణుంచి అంకె కదల్లేదు. అమ్మ వీధిలో అందరికీ మెంతుల మహిమ చెప్పింది.

షికాగోలో జరిగింది వేరు. 120తో పాత రికార్డు సమమైంది, ఇంకొక్కటి ఓడితే చరిత్ర. సెప్టెంబరు 24 నుంచి సొంత మైదానంలో ఏంజెల్స్‌తో మూడు ఆటలు. చరిత్ర కళ్ళారా చూడాలని జనం మళ్ళీ మైదానానికొచ్చారు, జట్టు అమ్మెయ్యమని యజమాని మీద అరిచారు. మా బావ ఆఫీసుకి సెలవు పెట్టి మూడింటికీ టికెట్లు కొన్నాడు. వైట్ సాక్స్ మూడూ గెలిచింది!

అంత దుఃఖంలో అతన్ని నేనెప్పుడూ వినలేదు. "గెలవరా నాయనా అంటే గెలవరు. ఓడండర్రా అంటే ఓడరు. చెప్పిన మాట వినే రకాలు కార్రా వీళ్ళు!" ఆ తరవాత డెట్రాయిట్ వెళ్ళి, 27న ఎవరూ అడగని చోట 121వ ఓటమి పూర్తిచేశారు. ఆ గెలుపుతో డెట్రాయిట్ ప్లేఆఫ్స్‌కి చేరింది. అక్కడే మిగిలిన రెండు ఆటలూ మనవాళ్ళు గెలిచారు. గ్రూపులో 121 చూసి మా అమ్మ "మెంతులు మానేసినట్టున్నాడు" అంది.

ఇన్ని ఓడినందుకు ఏదో ఒకటి దక్కాలి కదా. అక్కడ అడుగున నిలిచిన జట్లకి లాటరీ వేసి కొత్త కుర్రాళ్ళని ముందుగా ఏరుకునే అవకాశం ఇస్తారు. అయితే పెద్ద ఊళ్ళ జట్లకి వరసగా రెండేళ్ళు ఆ లాటరీలో చోటివ్వరాదని ఒక నిబంధన ఉంది. కాబట్టి 121 ఓడిన వైట్ సాక్స్‌కి వచ్చింది 10వ స్థానం. "ఓటమి కూడా చెల్లని చెక్కైపోయింది" అని నిట్టూర్చాడు. ఓదార్చుకోవడానికి ఐపీఎల్ జట్టు దక్కన్ చార్జర్స్‌ని తలుచుకుంటాడు: 2008లో అడుగున, 2009లో కప్పు. ఆ జట్టు 2012కల్లా లేకుండా పోయిందని నేనంటే ఫోన్ పెట్టేస్తాడు.

2025 మేలో పద్నాలుగో లియో పోప్ అయ్యారు. ఆయన షికాగోలో పుట్టినవారు, వైట్ సాక్స్ అభిమాని, 2005 వరల్డ్ సిరీస్ మొదటి ఆటకి మైదానంలో ఉన్నారు. మా బావ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అరోరా బాలాజీ గుడికి తనెలాగూ వెళుతున్నాడు, ఇప్పుడు రెండువైపుల నుంచీ సిఫారసు చేరుతుందని లెక్కేశాడు. ఆ ఏడాది 102 ఓడారు. అంతకుముందు ఏడాది కంటే ఎంతో మెరుగు. అయినా మనిషి డీలా పడ్డాడు. 102 ఓటములు ఎవరైనా ఓడతారు, అందులో చెప్పుకోవడానికేముంది?

అప్పుడు మరో ప్రమాదం వచ్చిపడింది. అదే 2025లో కొలరాడో రాకీస్ అనే జట్టు ఇంకా ఘోరంగా ఓడుతూ 121 వైపు దూసుకొచ్చింది. మా బావ తన జట్టుని వదిలేసి కొలరాడో ఆటలు చూశాడు, వాళ్ళు గెలవాలని మొక్కుకున్నాడు. వాళ్ళు 119 దగ్గర ఆగారు. ఆ రాత్రి ఫోన్లో ఇరవయ్యేళ్ళ కిందటి కాగితం వాన నాటి గొంతు వినిపించింది: "రికార్డు మనదేరా!"

కాబట్టి ఓడే జట్టు అభిమానిని చూసి ఎవరూ జాలిపడనక్కర్లేదు. అతనికి కావలసింది గెలుపు కాదు, ఏదో ఒకదాంట్లో మొదటి స్థానం. అది అతనికి దక్కింది. మీ ఇంట్లో కూడా అమెరికా అల్లుడెవరైనా రోజూ ఉత్త అంకెలు పంపిస్తుంటే, మెంతులు నానబెట్టేముందు ఒక్కసారి బేస్‌బాల్ పట్టిక చూసుకోండి.