పైసా ఖర్చు లేని రైలు

నారాయణఖేడ్‌లో రైలు పట్టాలు లేవు. చూడాలంటే జహీరాబాద్‌కో బీదర్‌కో పోవాలి. అయినా ఈ ఊళ్లో సబ్బుబిళ్ల కొన్న ప్రతివాడూ ఇప్పుడు హైదరాబాద్ మెట్రో బాకీకి పూచీదారే. సర్కారుకు పైసా ఖర్చుండదన్న మెట్రో మరి! 2008లో మేటాస్ కూటమికి టెండరు దక్కింది. లోకంలో మెట్రో కట్టేవాళ్లు సర్కారు ముందు చెయ్యి చాస్తారు. వీళ్లు తామే ఎదురు 30,311 కోట్లు ఇస్తామన్నారు. పెళ్లికొడుకే ఎదురు కట్నం ఇస్తానంటే ఏ పెద్దలైనా ఆరా తీస్తారు. మన పెద్దలు పప్పన్నానికి కూర్చున్నారు. ఇందులో భూముల మతలబు ఉందని ఢిల్లీ మెట్రో శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి లేఖ రాస్తే, క్షమాపణ చెప్పమని ఆయన మీదే కన్నెర్ర చేశారు. 2009 జనవరిలో, మేటాస్ వెనకున్న కుటుంబానిదే అయిన సత్యం కంపెనీ లెక్కల బండారం బయటపడింది. జూలైలో కాంట్రాక్టు రద్దయింది.

2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. ఎదురు కట్నం పోయింది గానీ పాత పాట పోలేదు. సర్కారీ సాయం 1,458 కోట్లే, మిగతాది కంపెనీ చూసుకుంటుందన్నారు. ఎలా చూసుకుంటుందయ్యా అంటే, స్టేషన్ల దగ్గర, డిపోల్లో 1.85 కోట్ల చదరపు అడుగుల కట్టడాల హక్కుతో. పంజాగుట్టలో రైలు దిగినవాడు రోడ్డు మీద కాలు పెట్టకుండా వంతెన మీదుగా మాల్‌లోకి పోవచ్చు. 2017 నవంబరు 28న మియాపూర్–నాగోలు రైలు మొదలైంది. 2020 నాటికి మొత్తం 69 కిలోమీటర్లయింది; ఫలక్‌నుమా దాకా పోవాల్సిన ఐదున్నర కిలోమీటర్లు ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయాయి. తర్వాత కరోనా, వడ్డీలు, నష్టాలు. 2025లో కంపెనీ దండం పెట్టింది. సుమారు 13,000 కోట్ల అప్పు నెత్తిన వేసుకుని, పైన దాదాపు 2,000 కోట్లు ఇవ్వడానికి రాష్ట్రం ఒప్పుకుంది.

ఏ మెట్రో లాభాల్లో నడుస్తోంది, రోజూ లక్షల మంది ఎక్కడం లేదా అంటారు. నిజమే, ఎక్కుతున్నారు, మేలే జరిగింది. ఆసుపత్రిని లాభం అడగనట్టే మెట్రోనీ అడగక్కర్లేదు. అయితే ఆ మాట 2008లోనే చెప్పాల్సింది. అప్పుడు నగరానికి రైలెంత, జిల్లాలకు బస్సులెన్ని అని అసెంబ్లీలో బేరం జరిగేది. హాంకాంగ్‌లో భూములతోనే మెట్రో కట్టారు కదా అంటారు ఇంకొందరు. అక్కడి కంపెనీలో పెద్ద వాటా ప్రభుత్వానిదే. అద్దెలో లాభమొస్తే జనానికీ ముడుతుంది. ఇక్కడ లాభమొస్తే కంపెనీది, నష్టమొస్తే ఖేడ్ వాడిది. ఇప్పుడు రెండో దశలో మియాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా 13.4 కిలోమీటర్లు వేస్తామంటున్నారు, ఖర్చు కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయట. పైసా ఖర్చు లేదని మాత్రం ఈసారి ఎవరూ అనడం లేదు.